పులి అదే, విమానాలే మారాయి
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

నేవీ పైలట్ల ఫ్లయింగ్ సూట్ల మీద, తోలు జాకెట్ల మీద కనిపించే గుండ్రటి కుట్టుబొమ్మలు, అంటే స్క్వాడ్రన్ (విమాన దళం) ప్యాచ్‌లు. ఈ నెల ఉత్తరాలు దాదాపు అన్నీ వాటి చుట్టూనే తిరిగాయి. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాం.

ప్రశ్న: నా దగ్గర రెండు ‘జాలీ రోజర్స్’ ప్యాచ్‌లున్నాయి. ఒకదాని మీద వీఎఫ్-84, ఇంకోదాని మీద వీఎఫ్ఏ-103 అని ఉంది. పుర్రె, అడ్డంగా రెండు ఎముకలు రెండింటి మీదా ఉన్నాయి. ఏది అసలుది? – హైదరాబాద్

రెండూ అసలువే కావచ్చు. ఆ పుర్రె ఒక్క స్క్వాడ్రన్ సొత్తు కాదు. ఒకరితో ఒకరికి సంబంధం లేని మూడు స్క్వాడ్రన్లు వరసగా మోసిన బొమ్మ అది. అమెరికా నేవీలో స్క్వాడ్రన్ వంశం వేరు, బొమ్మ వంశం వేరు. ఇది తెలిస్తే సగం చిక్కు విడిపోయినట్టే.

మొదటి పుర్రె 1943 జనవరిలో నార్ఫోక్‌లో పుట్టిన వీఎఫ్-17ది. దాని నాయకుడు టామ్ బ్లాక్‌బర్న్. వాళ్లకిచ్చిన విమానం పేరు కోర్సెయిర్. ఆ మాటకు సముద్రపు దొంగ అని అర్థం. దొంగల ఓడ మీద ఎగిరే పుర్రె జెండాకు జాలీ రోజర్ అని పేరు. బొమ్మ అలా విమానం పేరులోంచే పుట్టింది. ఆ స్క్వాడ్రన్ 1946లో వీఎఫ్-5బీగా, 1948లో వీఎఫ్-61గా నంబరు మార్చుకుని 1959లో రద్దయింది. కాగితాల ప్రకారం ఆ వంశం అక్కడితో సరి. అప్పటిదాకా ‘వేగబాండ్స్’ అనే పేరుతో ఉన్న వీఎఫ్-84 ఆ పుర్రెను అడిగి తీసుకుంది. 1960 నుంచి ఆ పేరు వాళ్లదైంది. 1995లో వీఎఫ్-84 కూడా రద్దయినప్పుడు, ‘స్లగ్గర్స్’గా ఉన్న వీఎఫ్-103 తన పేరు వదులుకుని పుర్రెను ఎత్తుకుంది. 2005లో సూపర్ హార్నెట్ విమానాలకు మారాక అదే వీఎఫ్ఏ-103 అయింది. వీ అంటే గాలికంటే బరువైన యంత్రం, అంటే విమానం. ఎఫ్ అంటే ఫైటర్, ఏ అంటే అటాక్.

ఇది తెలిస్తే మీ ప్యాచ్‌ల తేదీలు మీరే కట్టుకోవచ్చు. వీఎఫ్-84 అనే నంబరుతో పుర్రె ఉందంటే అది 1960–1995 మధ్యది. వీఎఫ్-103 అనే నంబరుతో పుర్రె ఉంటే 1995–2005. ‘1957 నాటి వీఎఫ్-84 జాలీ రోజర్స్’ అని ఎవరైనా అమ్మజూపితే ఇక దారం పరీక్ష కూడా అక్కర్లేదు. ఆ ఏడాది ఆ స్క్వాడ్రన్‌కు ఆ బొమ్మ లేదు.

ప్రశ్న: చికాగో ఒహేర్ ఎయిర్‌పోర్టుకు పేరిచ్చిన పైలట్ స్క్వాడ్రన్ గుర్తు పిల్లి అని విన్నాను. ఆ పిల్లి కోసం నేవీలో తగాదా జరిగిందట, నిజమేనా? – నేపర్‌విల్, అమెరికా

నిజమే. ఆ పిల్లి పేరు ఫెలిక్స్, కార్టూన్ పిల్లి. రెండు చేతులా గుండ్రటి నల్ల బాంబు పట్టుకుని, వత్తి అంటుకుని ఉండగా పరిగెత్తుతూ ఉంటుంది. 1928లో ఒక బాంబర్ స్క్వాడ్రన్ దాన్ని పెట్టుకుంది. ఆ స్క్వాడ్రన్ నంబర్లు మార్చుకుంటూ వీఎఫ్-3 అయింది. 1942 ఫిబ్రవరి 20న లెక్సింగ్టన్ నౌక మీదికి వస్తున్న జపాన్ బాంబర్లను ఒంటరిగా ఎదుర్కొన్న బుచ్ ఒహేర్ ఆ స్క్వాడ్రన్ వాడే.

1943 జూలై 15న నేవీ ఒక చిత్రమైన పని చేసింది. వీఎఫ్-3 నంబరును వీఎఫ్-6కు, దాని నంబరును దీనికి మార్చింది. పిల్లిని పెంచినవాళ్లు ఇప్పుడు ఆరో నంబరు వాళ్లు. మేం ఎక్కడుంటే పిల్లి అక్కడే అన్నారు వీళ్లు. పిల్లి మూడో నంబరుది, మూడు ఇప్పుడు మాది అన్నారు అవతలివాళ్లు. ఇల్లు అమ్మినప్పుడు పెరట్లో కొబ్బరిచెట్టు ఎవరిదన్న తగువులాంటిదే. ఒహేర్ ఆ నవంబర్‌లోనే యుద్ధంలో చనిపోయాడు. తీర్పు 1946లో గానీ రాలేదు, పిల్లి మూడో నంబరు వరసకే వెళ్లింది. ఆ వరస 1948లో వీఎఫ్-31 అయింది, ఇప్పుడు వీఎఫ్ఏ-31 ‘టామ్‌క్యాటర్స్’. పుర్రె విషయంలో బొమ్మ మనుషుల్ని వెతుక్కుంటూ పోయింది, పిల్లి విషయంలో నంబరుకు కట్టుబడింది. మా దృష్టిలో రెండో తీర్పే కొంచెం అన్యాయం.

ప్రశ్న: విశాఖ బీచ్‌రోడ్డులో టీయూ-142 విమానం చూశాం. దాని స్క్వాడ్రన్ పేరు ‘ఆల్బట్రాస్’ అన్నారు. మన నేవీలో ఇన్ని పక్షుల పేర్లెందుకు? తెలుగు పేరు ఒక్కటైనా ఉందా? – గాజువాక

ఉంది, మీ ఊళ్లోనే. ఐఎన్ఎస్ డేగా. మన డేగే. నేవీ వైమానిక స్థావరాలకు పక్షుల పేర్లు పెట్టడం ఆనవాయితీ: కొచ్చిలో గరుడ, గోవాలో హంస, అరక్కోణంలో రాజాళి, రామనాథపురం దగ్గర పరుందు. చివరి రెండూ తమిళ మాటలు. డేగా 1991లో మొదలైంది.

స్క్వాడ్రన్ల సంగతికొస్తే, మన నేవీలో ‘ఇనాస్’ (ఇండియన్ నేవల్ ఎయిర్ స్క్వాడ్రన్) అని నంబరు ముందు ఉంటుంది. పోరు, గస్తీ స్క్వాడ్రన్లకు 300 వరస, శిక్షణకు 550 వరస. పక్షిని ఊరికే అందం కోసం ఎంచుకోరు. టీయూ-142ను 1988 నుంచి 2017 దాకా నడిపిన ఇనాస్ 312 చూడండి. ఆల్బట్రాస్ రెక్కలు చాపితే మూడు మీటర్లు దాటుతాయి, రెక్క ఆడించకుండా గంటల తరబడి సముద్రం మీద తేలిపోతుంది. టీయూ-142 రెక్కలు యాభై మీటర్లు, పని సముద్రం మీద సుదూర గస్తీ. పక్షికీ యంత్రానికీ పనిలోనే పోలిక. ఆ స్క్వాడ్రన్ తర్వాత పీ-8ఐ విమానాలకు మారింది, ఆల్బట్రాస్ మారలేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ డేగాలోనే ఉంది. 2022 జూలై 4న అక్కడ మొదలైన హెలికాప్టర్ స్క్వాడ్రన్ ఇనాస్ 324, పేరు ‘కెస్ట్రెల్స్’. కెస్ట్రెల్ చిన్న జాతి డేగ. గాలికి ఎదురుగా ఒకేచోట రెక్కలాడిస్తూ, తల కదలకుండా నిలబడి కింద ఎరను వెతుకుతుంది. హెలికాప్టర్ చేసేదీ అదే. వాళ్ల బొమ్మలో నీలం, తెలుపు అలల మీద కెస్ట్రెల్ వెతుకుతూ ఉంటుంది. సముద్ర గస్తీ, ఆపదలో ఉన్నవాళ్లను వెతికి కాపాడడం వాళ్ల రెండు పనులు. గోవాలోని ఇనాస్ 316 ‘కాండర్స్’, పోర్‌బందర్‌లోని 314 ‘రాప్టర్స్’ బొమ్మలు కూడా ఇదే కూర్పు: నీలి సముద్రం మీద వెతుకుతున్న పెద్ద పక్షి. నిజం చెప్పాలంటే ఈ మూడింటినీ కొంచెం దూరం నుంచి చూస్తే కలిసిపోతాయి. ప్యాచ్‌కు అది లోపమే.

కలిసిపోనిది ఇనాస్ 300 తెల్లపులి. 1960 జూలైలో బ్రిటన్‌లోని బ్రాడీ స్థావరంలో సీ హాక్ విమానాలతో ఆ స్క్వాడ్రన్ మొదలైంది. 1971 డిసెంబర్ 4న విక్రాంత్ నౌక మీదినుంచి ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కాక్స్‌బజార్ మీద దాడి చేసింది ఈ సీ హాక్‌లే. 1983లో సీ హారియర్లు వచ్చాయి, 2016లో వాటికి వీడ్కోలు చెప్పి మిగ్-29కే తీసుకున్నారు. బ్రిటిష్ విమానాలు పోయి రష్యన్ విమానం వచ్చినా పులి చారలు మారలేదు. ప్యాచ్ మీద విమానం ఆకారాన్ని కుట్టించుకునే స్క్వాడ్రన్లు విమానం మారినప్పుడల్లా బొమ్మ మార్చుకోవాలి. జంతువును పెట్టుకున్నవాళ్లకు ఆ బెడద లేదు.

ప్రశ్న: పాత బ్రిటిష్ ఫాంటమ్ విమానం తోక మీద గ్రీకు అక్షరం ఒమేగా ఎందుకుంది? – తణుకు

అది ఆర్క్ రాయల్ నౌక మీద ఎగిరిన 892 స్క్వాడ్రన్. బ్రిటిష్ నేవీలో నౌకల మీది యుద్ధవిమానాల ఆఖరి స్క్వాడ్రన్ తామేనన్న నమ్మకంతో గ్రీకు లిపిలో ఆఖరి అక్షరాన్ని తోక మీద రాసుకున్నారు. 1978లో వాళ్లు రద్దయిన మరుసటి ఏడాదే సీ హారియర్లు వచ్చాయి. ఒమేగా తర్వాత కూడా అక్షరాలు మిగిలాయన్నమాట.

ప్రశ్న: సూర్యాస్తమయం బొమ్మతో ‘సన్‌డౌనర్స్’ ప్యాచ్ ఉంది. ప్రకృతి దృశ్యమేనా? – రాజమహేంద్రవరం

కాదు. 1942లో ఏర్పడిన వీఎఫ్-11 బొమ్మ అది. మునుగుతున్న సూర్యుడు జపాన్ విమానాల మీది ఎర్రటి సూర్యగుర్తు, కాలుస్తున్నవి రెండు వైల్డ్‌క్యాట్ విమానాలు. 2006 నుంచి ఆ పేరూ బొమ్మా కీ వెస్ట్‌లోని వీఎఫ్‌సీ-111 దగ్గర ఉన్నాయి. వాళ్ల ఉద్యోగం శిక్షణలో శత్రువు వేషం వేయడం.

ప్రశ్న: రెండో ప్రపంచయుద్ధకాలం ప్యాచ్‌ల మీద డొనాల్డ్ డక్ ఎందుకుంది? – గుంటూరు

డిస్నీ స్టూడియో గీసిచ్చింది కాబట్టి. హ్యాంక్ పోర్టర్ నాయకత్వంలో అయిదుగురు చిత్రకారులు యుద్ధకాలంలో సుమారు 1,200 చిహ్నాలు గీశారు, డబ్బు తీసుకోకుండా. నేవీ ఒక్కటే కాదు, అన్ని దళాలూ అడిగాయి. ఎక్కువ గిరాకీ డొనాల్డ్‌కే. కోపిష్టి బాతు యుద్ధానికి పనికొచ్చింది, మంచిబాలుడు మిక్కీ పెద్దగా పనికిరాలేదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ‘వియత్నాం యుద్ధకాలపు అసలు నేవీ ప్యాచ్’ కొన్నాను. నకిలీ అయితే ఎలా తెలుసుకోవాలి? – వరంగల్

మొదట తిరగేసి చూడండి. ముందువైపు బొమ్మ ఎవరైనా బాగా కుట్టగలరు, అబద్ధం దొరికేది వెనకవైపే. వెనక పలచటి ప్లాస్టిక్ పొర వేడితో అంటించి ఉంటే అనుమానించాలి, అది ఆ యుద్ధం అయ్యాకే మామూలైంది. తర్వాత అంచు. లావుగా తాడులా చుట్టుకున్న ఓవర్‌లాక్ అంచును మెర్రో అంచు అంటారు. అది 1960ల నుంచి విరివిగా వచ్చింది కాబట్టి వియత్నాం ప్యాచ్‌కు ఉండొచ్చు, రెండో ప్రపంచయుద్ధపు ప్యాచ్‌కు ఉంటే మాత్రం తేడా ఉన్నట్టే. మెర్రో అంచు మొదలూ చివరా కలిసేచోట చిన్న దారపు తోక మిగులుతుంది. దాన్ని వెనక్కి మడిచి అంటిస్తారు, అది ఉండడం తప్పు కాదు.

ఆ కాలంలో పైలట్లు చాలా ప్యాచ్‌లు జపాన్‌లోనూ, ఫిలిప్పీన్స్‌లోని క్యూబీ పాయింట్ స్థావరం దగ్గర ఊళ్లోని దర్జీల దగ్గరా కుట్టించుకున్నారు. గుడ్డను చేత్తో తిప్పుతూ మిషన్ మీద కుట్టినవి అవి. కుట్లు ఒకే పొడవు ఉండవు, అక్షరాలు కాస్త వంకరగా ఉంటాయి, వెనక దారాలు ఒక రంగు నుంచి ఇంకో రంగుకు దూకుతాయి. కంప్యూటర్ మిషన్ కుట్టు అద్దంలో చూసుకున్నట్టు సమానంగా ఉంటుంది. అంత పొందిక ఉన్న ‘1967 ప్యాచ్’ను నమ్మకండి.

మూడోది నోట్లు తనిఖీ చేసే చిన్న యూవీ లైటు. చీకటి గదిలో వేస్తే కొత్త తెల్ల పాలిస్టర్ దారం నీలంగా వెలుగుతుంది, పాత నూలు మామూలుగా వెలగదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. అసలు పాత ప్యాచ్‌ను ఎప్పుడో సర్ఫుతో ఉతికి ఉంటే, సర్ఫులోని తెల్లదనపు రసాయనం వల్ల అదీ వెలుగుతుంది. వెలగనంత మాత్రాన పాతదని కూడా కాదు. అనుమానం తీరకపోతే వెనక వేలాడే దారం ఒక సెంటీమీటరు కత్తిరించి, పళ్లెంలో పెట్టి పట్టకారుతో పట్టుకుని కాల్చండి. నూలు, రేయాన్ కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతాయి. పాలిస్టర్ కరిగి గట్టి నల్లపూసలా ముద్ద కడుతుంది. ముసలి రంగు కోసం టీ డికాక్షన్‌లో ముంచిన నకిలీలూ ఉన్నాయి. నిజమైన పాతదనం వెలుతురు తగిలే ముందువైపు ఎక్కువ, కుట్టు మడతల్లో తక్కువ. టీ రంగు వెనకా ముందూ ఒకేలా ఉంటుంది.

ప్రశ్న: మా కాలేజీ ఏరోమోడలింగ్ క్లబ్బుకు నేవీ తరహాలో ప్యాచ్ చేయించాలి. చుట్టూ తెలుగు అక్షరాలు కావాలి. ఎంబ్రాయిడరీ షాపు వాళ్లు అక్షరాలు ముద్దయిపోతాయి అంటున్నారు. – కాకినాడ

షాపు వాళ్లు చెప్పింది నిజం. అయినా చేయించవచ్చు, కొలతలు సరిగా ఇస్తే.

ప్యాచ్ వ్యాసం 100 మిల్లీమీటర్లు పెట్టుకోండి, నేవీ ప్యాచ్‌లూ సుమారు ఇంతే. అందులో అంచుకు చుట్టూ 4 మి.మీ. పోతుంది. మామూలు 40 నంబరు దారంతో ఇంగ్లిష్ పెద్దక్షరం 5 మి.మీ. ఎత్తున్నా చదవొచ్చు. తెలుగుకు అది చాలదు. తలకట్టు, గుడి పైన, వత్తు కింద, మధ్యలో సున్నా. సున్నాలోపలి ఖాళీ కనీసం ఒక మిల్లీమీటరు మిగలకపోతే దారం నిండిపోయి చుక్క అవుతుంది. అందుకని వత్తుతో కలిపి అక్షరం మొత్తం ఎత్తు 10 మి.మీ.కు తగ్గనివ్వకండి. పేరును పైవంపులోనే పెట్టండి. కిందివంపులో అక్షరాలు నిలువుగా చదవడానికి తిప్పితే వత్తులు బయటి అంచుకు, గుడులు బొమ్మకు తగులుతాయి. కిందివైపు సంవత్సరం లాంటి అంకెలు చాలు. వత్తులు తక్కువున్న మాట ఎంచుకుంటే ఇంకా మంచిది. ‘గరుడ’ హాయిగా కుడుతుంది, ‘సముద్రపుత్రులు’ ఏడిపిస్తుంది.

రంగులు ఏడుకు మించొద్దు, గుడ్డ రంగు కూడా అందులో ఒకటిగా వాడుకోండి. బొమ్మను మిషన్ కుట్టుగా మార్చే డిజిటైజింగ్ మీదే అంతా ఉంది. వరసల మధ్య దూరం 0.4 మి.మీ., కుట్టు పొడవు 4 మి.మీ. అనుకుంటే 100 మి.మీ. గుండ్రాన్ని ఒక పొర నింపడానికే సుమారు 5,000 కుట్లు. అడుగుకుట్టు, బొమ్మ, అక్షరాలు కలిస్తే 20,000 దాటొచ్చు. నిమిషానికి 700 కుట్ల చొప్పున అది అరగంట పని. ధర మాట్లాడేటప్పుడు కుట్ల లెక్క అడగండి, అంగుళాల లెక్క కాదు.

తప్పులు ఎక్కడొస్తాయంటే: గుండ్రం కోడిగుడ్డులా వచ్చిందంటే దారం గుడ్డను కుట్టు దిశలో లాగేసింది. డిజిటైజింగ్‌లో ఆ దిశలో ఆకారాన్ని కొంచెం పొడిగించి ఇవ్వాలి. రంగుకూ దాని గీతకూ మధ్య గుడ్డ కనిపిస్తే రెండూ ఒకదాని మీద ఒకటి అర మిల్లీమీటరైనా ఎక్కలేదన్నమాట. ముడతలు వస్తే గుడ్డ కింద ఊతంగా వేసే గట్టి కట్‌అవే పేపరు వేయలేదు, లేదా ఫ్రేములో గుడ్డ వదులుగా ఉంది. ముందు ఒక్క ముక్క కుట్టించి, చేయి చాచినంత దూరంలో పెట్టి చదవండి. చదవగలిగితేనే మిగతావి.

వెల్క్రో పెట్టించేటట్టయితే ముళ్లవైపు ప్యాచ్‌కు, మెత్తనివైపు చొక్కాకు. తిరగేసి కుడితే ప్యాచ్ తీసిన రోజు చొక్కా ముళ్లు కనపడ్డ ప్రతి దూదినీ పట్టుకుంటాయి. బొమ్మలో మూడు సింహాల రాజముద్ర మాత్రం పెట్టకండి. దాని వాడకానికి 2005 చట్టం ఉంది, క్లబ్బులకు అనుమతి లేదు.

ప్రశ్న: నిజమైన నేవీ ప్యాచ్ జాకెట్ మీద వేసుకుని బయట తిరగొచ్చా? – నిజామాబాద్

సైనికుడు కానివాడు, సైనికుడని ఎదుటివాళ్లు నమ్మాలన్న ఉద్దేశంతో వాళ్ల దుస్తులు, గుర్తులు ధరిస్తే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం. పాత ఐపీసీలో ఇది 140. మూడు నెలల దాకా జైలు ఉండొచ్చు. నేరం ఉద్దేశంలో ఉంది గానీ, ఆ ఉద్దేశం లేదని పోలీసుకు రోడ్డు మీద వివరించే పరిస్థితి మీకెందుకు? ప్యాచ్‌ను ఫ్రేములో పెట్టండి.

ప్రశ్న: పెదనాన్నగారు నేవీలో చేశారు. ఆయన ట్రంకుపెట్టెలో జరీతో కుట్టిన బ్లేజర్ బ్యాడ్జి, రెండు గుడ్డ ప్యాచ్‌లు దొరికాయి. జరీ నల్లబడింది, గుడ్డకు బూజు వాసన. శుభ్రం చేయడం ఎలా? – భీమునిపట్నం

జరీని చింతపండుతో గానీ, నిమ్మకాయతో గానీ, ఇత్తడి సామాను తోమే పేస్టుతో గానీ రుద్దకండి. జరీ తీగ లోపల రాగి ఉంటుంది, పైన పలచటి వెండి లేదా బంగారు పూత. నల్లబడింది ఆ పూతే. దాన్ని తోమితే నలుపుతో పాటు పూత కూడా పోతుంది, పులుపు కింది నూలులో నిలిచి తీగను లోపల్నుంచి తింటుంది. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపి వదిలేయండి. ఆ నలుపు ఆయన సర్వీసు వయసు.

గుడ్డ ప్యాచ్‌లను ముందు నీడలో, గాలి ఆడేచోట రెండ్రోజులు ఉంచండి. ఎండలో వద్దు. బూజు పొడి కనిపిస్తే మాస్కు పెట్టుకుని ఆరుబయట కుంచెతో దులపండి. పురుగు ఉందన్న అనుమానం ఉంటే జిప్ కవర్లో గాలి తీసి మూసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు పెట్టండి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పొద్దు, ఒక రోజు ఆగాలి, లేకపోతే చెమ్మ గుడ్డ మీద చేరుతుంది. ఉతకాలనిపిస్తే ముందు తడి దూదిని ఒక్కో రంగు మీద అర నిమిషం నొక్కి చూడండి. దూదికి రంగంటితే ఇక నీళ్ల ఊసెత్తొద్దు. ఎర్ర దారమే ముందు మోసం చేస్తుంది.

ఫ్రేము కట్టించేటప్పుడు ఫెవికాల్ వాడనివ్వకండి. నూలు గుడ్డ పరిచిన అట్టకు ప్యాచ్ అంచును సన్నని దారంతో ఏడెనిమిది చోట్ల కుట్టించండి, గాజు ప్యాచ్‌ను తాకకుండా మధ్యలో 6 మి.మీ. పట్టీ పెట్టించండి. తాకితే మీ ఊరి సముద్రపు చెమ్మ గాజు లోపలివైపు పట్టి మళ్లీ బూజు. ఫ్రేము వెనక చిన్న సిలికాజెల్ పొట్లం ఉంచి, దాని గుళికలు రంగు మారినప్పుడు మార్చండి. కలరా ఉండలు గుడ్డకు తగలనివ్వొద్దు. ప్యాచ్ వెనక నంబరు గానీ, పేరు గానీ సిరాతో రాసి ఉంటే ఫ్రేము మూసేముందు ఫోటో తీసుకోండి. పెదనాన్నగారు ఏ స్క్వాడ్రన్‌లో, ఏ ఏళ్లలో చేశారో తేల్చడానికి ముందువైపు బొమ్మకంటే ఆ సిరాగీతే ఎక్కువ పనికొస్తుంది.